మా మేనల్లుడి వేలిముద్ర కావాలట!

ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. రేషన్ కార్డు ఈకేవైసీలో మా మేనల్లుడి వేలిముద్ర పడలేదు కాబట్టి పేరు తీసేస్తారట. "మనిషిని తీసుకురండి, లేకపోతే సిస్టమ్ ఒప్పుకోదు" అన్నాడు అక్కడి కుర్రాడు, తల కూడా ఎత్తకుండా. ఎక్కడి నుంచి తీసుకురమ్మంటారు? వాడు కరాచీలో, మలీర్ జైల్లో ఉన్నాడు. గుజరాత్ బోటు మీద వేటకెళ్లి పాకిస్తాన్ వాళ్లకు చిక్కాడని మా తీరమంతా తెలుసు. ఆ కుర్రాడికీ తెలుసు.

మా అప్ప, అంటే వాడి తల్లి, మా అక్క, వాదించలేదు. "నా కొడుకు సచ్చిపోనాడేటి బాబూ, పేరు తీసీడానికి?" అని మాత్రం అడిగింది. దానికి అతను చెప్పిన జవాబు వినండి: "డెత్ సర్టిఫికెట్ ఉంటే వేరే ఆప్షన్ ఉందమ్మా." కన్నతల్లి ముఖం మీద అనే మాటేనా ఇది? ఏ ఉత్తరం ఎప్పుడొస్తుందో తెలియక, ఫోన్ మోగితే గుండె జారిపోయే మనిషితోనా?

ఆమె వేలిముద్ర కూడా సరిగ్గా పడదు. ఎండుచేపలకు ఉప్పు పట్టించి పట్టించి వేళ్ల గీతలు అరిగిపోయాయి. కొంగుకు తుడుచుకుని, కొబ్బరినూనె రాసుకుని, మళ్లీ మళ్లీ పెడుతుంటే వెనక లైన్లో వాళ్లు విసుక్కున్నారు. అలా నిలబడి కాపాడుకున్న కార్డు అది.

వాడి ఉత్తరం ఒకటే వచ్చింది. వాడికి తెలుగు తప్ప రాదు. పక్కన ఉన్న గుజరాతీ ఖైదీ ఎవరో హిందీలో రాసిపెట్టాడు. గుజరాత్‌లోని వెరావల్ రేవులో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన మా ఊరి పెద్దాయన చదివి చెప్పాడు. ఆరోగ్యం బాగుంది, చెల్లి చదువు మాన్పించొద్దు, బోటు యజమాని దగ్గర నా డబ్బులు అడగండి. అంతే. ఆ కాగితాన్ని అప్ప ఆధార్ కార్డులతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. ఇవాళ ఆఫీసులో అదే తీసి చూపించింది. అతను చదవలేదు, తిప్పి కూడా చూడలేదు.

"బోర్డర్ ఎందుకు దాటాడు?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. చుట్టాల పెళ్లిలో ఒకాయన భోజనాల దగ్గర అందరి ముందూ అడిగాడు. అయ్యా, సముద్రం మీద కంచె ఉంటుందా? గుజరాత్‌కీ పాకిస్తాన్‌కీ మధ్య సర్ క్రీక్ దగ్గర గీత ఎక్కడుందో రెండు దేశాలే ఇంకా తేల్చుకోలేదు. బోటు నడిపేది తండేలు. వల లాగే కుర్రాడికి జీపీఎస్ చూసే అవకాశం ఎక్కడిది? కానీ పట్టుకుంటే అందరికీ ఒకటే జైలు. మా వాళ్ల బతుకు మీద సినిమా వస్తే హాల్లో ఏడ్చిన వాళ్లే ఇప్పుడు ఇలా అడుగుతున్నారు.

ఒప్పందాలు లేక కాదు. 2008లో రెండు దేశాలు రాసుకున్నాయి: శిక్ష పూర్తయి, జాతీయత తేలాక నెలలోగా పంపేయాలని. ప్రతి జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. 2025 జులై జాబితాలో పాకిస్తాన్ చూపించిన మన మత్స్యకారులు 193 మంది. శిక్ష పూర్తయిన 159 మంది ఖైదీలను త్వరగా పంపమని మన ప్రభుత్వమే అప్పుడు కోరింది. అంటే శిక్ష అయిపోయాక కూడా ఉంచుతున్నారు! ఖైదీల కోసం రెండు దేశాల రిటైర్డ్ జడ్జిలతో వేసిన కమిటీ 2013 తర్వాత జైళ్ల వైపు వెళ్లలేదు. అదే 2025 జులైలో మన జైళ్లలోనూ వాళ్ల మత్స్యకారులు 81 మంది ఉన్నారు. ఆ తల్లులూ ఇలాగే కాగితాలు పట్టుకుని తిరుగుతుంటారు, వాళ్ల గురించి కూడా నాకు బాధగానే ఉంది.

2018 నవంబరులో మా శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు ఇలాగే చిక్కారు. ఆడవాళ్లు కనపడిన ప్రతి నాయకుడి కాళ్లూ పట్టుకుని తిరిగితే 2020 జనవరి 6న వాఘాలో 20 మంది బయటపడ్డారు. ఇప్పుడేమో పహల్గామ్ దాడి తర్వాత, వాఘాకి మన వైపు ఉన్న అటారీ గేటు మూసేశారు. అప్ప టీవీలో బోర్డర్ అన్న మాట వినపడగానే చేతిలో పని వదిలేసి వచ్చి నిలబడుతుంది.

అసలు వెరావల్ ఎందుకు వెళ్లాలి? ఇది అడగండి ముందు! ఇంత పొడుగు తీరం ఉంది, పెద్ద బోటు కట్టుకోవడానికి ఒక్క హార్బర్ లేదు మాకు. బుడగట్లపాలెం హార్బర్ అని ఎన్నాళ్ల నుంచో వింటున్నాం. మూలపేటలో కడుతున్న పోర్టు సరుకు ఓడలకి, మా వలలకు కాదు. ఒడ్డు నుంచి తెప్పలు, చిన్న బోట్లు అలల్లోకి తోసుకుంటూ ఎంతకాలం? అందుకే ఆగస్టు వచ్చేసరికి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతాయి. ఎచ్చెర్ల, గార, పూసపాటిరేగ, భోగాపురం, ఎటు చూసినా ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలే. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం ఉంటే 20 వేలు ఇస్తున్నారు, మంచిదే. కానీ అది ఇక్కడి బోటు జాబితాలో పేరున్న వాడికి. గుజరాత్ బోటు మీద కూలికెళ్లిన వాడు అక్కడి లెక్కలోనూ లేడు, ఇక్కడి లెక్కలోనూ లేడు. ఇప్పుడు రేషన్ కార్డులోనూ లేకుండా చేస్తారట!

వాడి పేరు ఢిల్లీకి తెలుసు, ఇస్లామాబాద్‌కి తెలుసు. పుట్టిన ఊళ్లో ఆఫీసుకు తెలియదంటే ఎలా ఊరుకోవాలి? ఆ ఈకేవైసీలో 'విదేశీ జైల్లో ఉన్నాడు' అని ఒక గడి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి అప్పని తీసుకుని వెళ్తున్నాను. మీ ఇళ్లలో కూడా ఇలా పేర్లు పోతున్న వాళ్లుంటే ఉత్తరాలు, ఆధార్ జిరాక్సులు, బోటు యజమాని ఇచ్చిన కాగితం ఏదున్నా పట్టుకుని రండి. పది గంటలకల్లా గేటు దగ్గర ఉంటాం.