కోచ్ దగ్గరికి ఒక కాగితంతో వెళ్లండి

బెంగళూరు ఉద్యోగం మానేసి అనంతపురం వచ్చి చీనీ (బత్తాయి) తోట పెట్టాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్లు లైఫ్ కోచ్‌ను కలవాలని కొందరు సలహా ఇస్తారు. మంచి మాటే. కానీ కోచ్ నిర్ణయం చెప్పరు, ప్రశ్నలడిగి మీచేతే తేల్పిస్తారు. మొదటి గంటలోనే "మానేయండి" అన్నారంటే అది కోచింగ్ కాదు.

వెళ్లేముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. "జీవితంలో ఏం చేయాలి" అని వెళితే సెషన్లన్నీ మాటలతోనే గడిచిపోతాయి. "ఉగాదిలోపు రాజీనామా ఇవ్వాలా" అంటే పట్టు దొరుకుతుంది. దాని కిందే ఇంటి లెక్క వేయండి. చీనీ కాపుకు రావడానికి నాలుగైదేళ్లు. నెలకు 30 వేలు ఖర్చయ్యే ఇంటికి నాలుగేళ్లకు 14 లక్షల 40 వేలు చేతిలో ఉండాలి, బోరు, డ్రిప్పు ఖర్చు వేరే. ఈ అంకె లేకుండా ధైర్యం గురించి ఎంత మాట్లాడినా ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా.

వెనక్కి తీసుకోగలిగిన అడుగు ముందు వేయండి. జీతం లేని సెలవు దొరికితే ఏప్రిల్, మే నెలలు ఊళ్లో ఉండండి. నడి ఎండల్లో బోరు ఎన్ని గంటలు పోస్తుందో కళ్లారా కనపడుతుంది. రాజీనామా, స్థలం అమ్మకం ఆ తర్వాతే.

కోచ్ అని బోర్డు పెట్టడానికి మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు. అందుకే శిక్షణ గంటలు అడగండి. కోచ్‌లకు సర్టిఫికెట్లిచ్చే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్‌లో మొదటి మెట్టు సర్టిఫికెట్ ఏసీసీకే 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి.

వారాల తరబడి నిద్ర లేకుండా, బతుకు మీదే విరక్తిగా ఉంటే మాత్రం కోచ్ వద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.