కప్పు రాని పదిహేనేళ్లు

హనుమకొండలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో బాస్కెట్‌బాల్ కోర్టుకు రెండు రింగులుండేవి. వలలు మాత్రం ఒక్కనాడూ చూడలేదు. సిమెంటు నేల పగిలి, వాన పడితే ఓ మూల నీళ్లు నిలిచేవి. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారే చీపురు పట్టి ఆ నీళ్లు బయటికి నెట్టేవారు. కొత్తగా వచ్చినవాడు ఉరికొచ్చి బాల్ అందుకోబోతే, ‘బాల్ ఏడికి పోదు గని, ముందుగాల కూసొని లేసులు మంచిగ కట్టుకో బిడ్డా’ అనేవారు. మాకు నవ్వొచ్చేది.

చాలా ఏళ్ల తర్వాత జాన్ వుడెన్ గురించి చదువుతుంటే ఆ నవ్వు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టుకు 1964 నుంచి 1975 దాకా, పన్నెండేళ్లలో పది జాతీయ టైటిళ్లు తెచ్చిన కోచ్ ఆయన. అందులో ఏడు వరుసగా వచ్చినవి. ఒక దశలో ఆ జట్టు వరుసగా 88 మ్యాచ్‌లు గెలిచింది. అంతటి కోచ్ సీజన్ మొదట్లో ఆటగాళ్లను కూర్చోబెట్టి సాక్సులు ఎలా తొడుక్కోవాలో, లేసులు ఎలా బిగించాలో చూపించేవాడు. సాక్సు మడత పడితే కాలికి బొబ్బ, బొబ్బ లేస్తే ప్రాక్టీసు బంద్. ఏడడుగులు దాటిన కుర్రాడు, తర్వాతి రోజుల్లో కరీం అబ్దుల్ జబ్బార్‌గా పేరు మార్చుకున్న బాస్కెట్‌బాల్ స్టార్, అతనికీ ఆ పాఠం తప్పలేదు.

టైటిళ్ల లెక్క అందరూ చెబుతారు. నాకు దానికి ముందున్న లెక్క మీదే గురి. వుడెన్ యూసీఎల్ఏలో చేరింది 1948లో. మొదటి జాతీయ టైటిల్ 1964లో. మధ్యలో పదిహేను సీజన్లు ఆ కప్పు లేకుండానే గడిచాయి. సొంత హాలు కూడా లేదు. కుస్తీ, జిమ్నాస్టిక్స్ వాళ్లతో పంచుకున్న ఇరుకు జిమ్‌లో ప్రాక్టీసు. నేల ఊడ్చే పనిలో ఆయనా చెయ్యి వేసేవాడు. మా సారు చీపురు నాకు అక్కడే గుర్తొచ్చింది.

ఆ పదిహేనేళ్లు ఆయన చేసింది పాఠం చెప్పడమే. అసలు ఆయన ఇంగ్లిష్ టీచరు, హైస్కూల్లో పనిచేసి వచ్చినవాడు. ఆయన చివరి సీజన్ 1974-75లో ఇద్దరు సైకాలజీ పరిశోధకులు ప్రాక్టీసు పక్కన కూర్చుని ఆయన ప్రతి మాటా రాసుకున్నారు. మొత్తం 2,326 నమోదయ్యాయి. నాలుగింట మూడొంతులు ఏం చేయాలో, ఎలా చేయాలో చెప్పినవే. శభాష్ అన్నవీ, తిట్టినవీ వందకు ఏడేసి చొప్పున కూడా లేవు. కోచ్ అంటే గట్టిగా అరిచేవాడనుకునే మన గ్రౌండ్లలో ఈ అంకె ఎవరైనా గోడ మీద రాసి పెడితే బాగుండు.

ఆయన్ను దేవుణ్ని చేయాల్సిన పని లేదు. యూసీఎల్ఏకు రాకముందు ఇండియానా రాష్ట్రంలో కోచ్‌గా ఉన్నప్పుడు, 1947లో, జట్టులోని క్లారెన్స్ వాకర్ నల్లజాతివాడని ఆడనివ్వబోమంటే టోర్నమెంట్ పిలుపునే కాదన్నాడు. మరుసటి ఏడు నిబంధన మారింది, వాకర్ ఆడాడు. అది ఆయన గొప్పతనమే. కానీ యూసీఎల్ఏలో శామ్ గిల్బర్ట్ అనే ధనవంతుడు నిబంధనలకు విరుద్ధంగా ఆటగాళ్ల అవసరాలు చూసుకుంటూ ఉంటే అంత గట్టిగా అడ్డుపడలేదు. 1981లో అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఆ విశ్వవిద్యాలయానికి శిక్ష వేసి, గిల్బర్ట్‌ను దూరం పెట్టమంది. అప్పటికి వుడెన్ రిటైరై ఆరేళ్లు. మన వాట్సాప్ స్ఫూర్తి కథల్లో ఈ ముక్క ఉండదు.

ఇక మన దగ్గర పదిహేనేళ్లు ఆగేదెవరు? కాంట్రాక్టు మీద పనిచేసే పీడీకి వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందో లేదో అన్న టెన్షనే సరిపోతుంది. పర్మనెంట్ సారుకేమో అడ్మిషన్ల క్యూ, ఇన్విజిలేషన్, ఫంక్షన్లప్పుడు గేటు దగ్గర కాపలా, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లొస్తే ఫైళ్లు. నయీంనగర్ వైపు వెళ్తే అపార్టుమెంటు లాంటి భవనాల్లో జూనియర్ కాలేజీలు. గ్రౌండ్ ఏదని అడిగితే పార్కింగ్ చూపిస్తారు. యాజమాన్యాలనొక్కటే అనడం సులువు. ఇంటర్ రెండేళ్లు పిల్లవాడు బంతి ముట్టుకోకపోతే సంతోషించే తల్లిదండ్రులం మనమే కదా. డిగ్రీకొచ్చాక వాణ్ని ఏడాదిలో ఇంటర్ కాలేజియేట్ కప్పు తెమ్మంటాం. తేకపోతే, ‘పీడీకి పనేముంది, విజిల్ ఊదుడే గదా’ అంటాం.

మా సారు రిటైరైన రోజు శాలువా కప్పి, మైకులో ఆయన కాలంలో వచ్చిన కప్పుల జాబితా చదివారు. రెండు లైన్లలో అయిపోయింది. తర్వాత చాయ్, సమోసా.

మొన్న పరకాల దగ్గరి ఓ బడికి పనిమీద వెళ్తే, అక్కడి పీఈటీ నా జూనియర్. మా జట్టులో బెంచి మీదే ఎక్కువ కూర్చున్నవాడు. వుడెన్ పేరు చెబితే, ‘ఎవరన్నా ఆయన?’ అన్నాడు. అంటూనే ఆరో తరగతి పిల్లవాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, వాడి సాక్సు మడమ దగ్గర లాగి సరిచేస్తున్నాడు.