ముఖం ఒక్కటే చూస్తే చాలదు, సుడి కూడా చూడాలి

మగవాళ్లు ముఖం ఆకారాన్ని బట్టి కటింగ్ ఎంచుకోవాలంటూ వచ్చిన ఒక వ్యాసంలో, గుండ్రటి ముఖమైతే పక్కలు పొట్టిగా, పైన ఎత్తుగా ఉంచమని రాశారు. నిజమే, కానీ సగమే. జుట్టు తీరు చూడకుండా ఫొటో చూపించి కట్ చేయించుకుంటే, మొదటి తలస్నానం తర్వాత అసలు రూపం బయటపడుతుంది.

కటింగ్‌లో మగతనం వచ్చేది చదరపు ఆకారం వల్ల. చెవుల పైన పక్కలు ఉబ్బకుండా నిటారుగా దిగాలి. అందుకే ‘షార్ట్‌గా’ అనకుండా క్లిప్పర్ (జుట్టు కత్తిరించే మిషన్) నంబర్ చెప్పండి. 1 అంటే మిగిలే జుట్టు పొడవు సుమారు 3 మి.మీ., 2 అంటే 6, 3 అంటే 10, 4 అంటే 13. మొదటిసారి 3తో మొదలుపెట్టించండి. తగ్గించడం నిమిషం పని, పెరగడం మాత్రం నెలకు సుమారు ఒక సెంటీమీటరే.

ఎక్కువమంది దెబ్బతినేది సుడి దగ్గర. అక్కడ జుట్టు రెండు మూడు సెంటీమీటర్లకు దిగితే ముళ్లపంది ముళ్లలా నిక్కబొడుచుకుంటుంది, ఎంత దువ్వినా పడుకోదు. దాని బరువుకు అదే వాలేంత పొడవు ఉంచాలి, లేదా లేవలేనంత పొట్టిగా తీసేయాలి. మధ్యస్థం పనికిరాదు.

రింగుల జుట్టు తడిగా ఉన్నప్పుడు సాగి పొడవుగా కనిపిస్తుంది, ఆరాక ముడుచుకుంటుంది. కాస్త ఎక్కువే వదలమనండి.

పైన పలచబడుతోందా? పొడవు పెంచి అడ్డంగా దువ్వి కప్పడం ఎవరినీ మోసం చేయదు. పక్కలు 1కి దించి, పైన కూడా పొట్టిగానే ఉంచితే తేడా అంతగా తెలియదు. జెల్ మాత్రం వద్దు, వెంట్రుకలు పాయలుగా అతుక్కుని మాడు బయటపడుతుంది. మెరుపులేని క్లే (జుట్టుకు రాసే మైనం లాంటి ముద్ద) బఠాణీ గింజంత చాలు.