సున్నా సీసీ వాడి విన్నపం

మహారాజశ్రీ 1988 నాటి మోటారు వాహనాల చట్టం గారికి,

హైదరాబాదు నుంచి ఒక సైకిలువాడు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, నిన్న రాత్రి వరకు. తమరి క్షేమం అడగనక్కర్లేదు. 2019 సవరణ తర్వాత బాగా ఒళ్లు చేశారని విన్నాను. లైసెన్సు లేకుండా బండి నడిపితే అప్పట్లో 500 రూపాయల జరిమానా, ఇప్పుడు 5,000 అట.

నాకా భాగ్యం లేదు. మోటారు వాహనమంటే ఏమిటో తమరు రెండో సెక్షన్‌లోనే తేల్చేశారు. యంత్రబలంతో కదలాలి. నాలుగు చక్రాలకన్నా తక్కువైతే ఇంజను 25 సీసీ దాటాలి. నాది సున్నా సీసీ. ఇంధనం పొద్దున తిన్న రెండు పెసరట్లు. లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. మొదట్లో ఇది స్వేచ్ఛ అనుకుని మురిసిపోయాను. తమరి లెక్కలో నేను లేనే లేనని తెలియడానికి కొన్నాళ్లు పట్టింది.

మా నాన్నగారి కాలంలో ఇలా లేదండీ. సైకిలుకు మునిసిపాలిటీవారి బిళ్ల ఉండేది. చీకటి పడ్డాక దీపం లేకపోయినా, డబుల్స్ ఎక్కించుకున్నా పోలీసు ఆపేవాడు. ఒకసారి దీపం ఆరిపోయిన పాపానికి రెండు చక్రాల్లో గాలి తీసేసి నాన్నగారిని ఇంటిదాకా నడిపించారు. ఆ సంగతి ఆయన చివరిదాకా కోపంగానే చెప్పేవారు. నాకు మాత్రం వింటుంటే అసూయ. ఒక సైకిలును ఆపడానికి సర్కారు ఒక మనిషిని వీధి మలుపులో నిలబెట్టిన రోజులవి!

మొన్న నేను ఎర్రలైటు దగ్గర ఆగాను. వెనుక ఆటో ఒకటే హారన్. "సైకిలుకు సిగ్నలేమిటయ్యా, పో" అన్నాడు డ్రైవరు. తమరిని నాకన్నా బాగా చదివినట్టున్నాడు.

మా వీధి చివర సైకిల్ ట్రాక్ ఉంది. అంటే, తారు మీద తెల్లరంగుతో వేసిన సైకిలు బొమ్మ. ముందు చక్రం మీద ఇడ్లీ బండి, వెనుక చక్రం మీద ఎవరిదో కారు. మధ్యలో సీటు ఒక్కటే ఖాళీ. ట్రాక్ మీద మోటారు బండి నడపకూడదని తమరి 2017 డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. నిజమే, ఆ కారు నడవడం లేదు. ఆరు నెలలుగా అక్కడే ఉంది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన ట్రాక్ చక్కగా ఉంది, కాదనను. 23 కిలోమీటర్లు, పైన సౌర ఫలకాల కప్పు. ఒక ఆదివారం చూసి వచ్చాను. సైకిళ్లు కార్ల వీపునెక్కి వచ్చి, కాసేపు తిరిగి, మళ్లీ కార్లెక్కి వెళ్లిపోతున్నాయి.

కనుక తమరికి నా మనవి: నాకొక చలానా రాయించండి. యాభై రూపాయలైనా చాలు, రసీదు మీద "సైకిలు" అని ఉంటే అదే పదివేలు. వచ్చే శనివారం రాత్రి ఎనిమిదింటికి దీపం ఆర్పేసి, మా ఆవిడను వెనుక కూర్చోబెట్టుకుని, అదే సిగ్నల్ దగ్గర తిరుగుతూ ఉంటాను. గాలి తీయించే ఉద్దేశం ఉంటే మాత్రం ముందుగా కబురు పెట్టండి. ఆవిడ అంత దూరం నడవనంటోంది.

ఇట్లు,
తమ విధేయుడు,
సున్నా సీసీ