హీరో కాలేక మిగిలిపోయినవాళ్ళేనా వీళ్ళు?

ఒంగోలు, నెల్లూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "మన జిల్లాల నుంచి సినిమాల్లోకి వెళ్ళినవాళ్ళలో చాలామంది హీరోలు కాలేక క్యారెక్టర్ ఆర్టిస్టులుగా మిగిలిపోయారు. చదువు అబ్బక మద్రాసు రైలెక్కారు. జీవితాంతం ఒకటే రకం వేషం వేశారు. సినిమా వాళ్ళు పక్కన పెడితే టీవీలో తేలారు. చివరికి చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయారు. మీ పిల్లల్ని ఆ పిచ్చిలో పడనీయకండి." కింద మూడు ఫోటోలు, మూడు పేర్లు: రమణారెడ్డి, రాజనాల, ధర్మవరపు సుబ్రహ్మణ్యం.

పిల్లలకు సలహా ఇవ్వాలనుకుంటే నిక్షేపంగా ఇచ్చుకోవచ్చు. అందుకోసం పోయినవాళ్ళ బతుకుల మీద లేనిపోనివి అల్లక్కర్లేదు. అదీ మన ఊళ్ళవాళ్ళ మీద, మన గ్రూపుల్లోనే.

ముందు చదువు సంగతి చూద్దాం, ఇది తొందరగా తేలిపోతుంది. నెల్లూరు జిల్లా జగదేవిపేటలో 1921లో పుట్టిన తిక్కవరపు వెంకటరమణారెడ్డి సినిమాల్లోకి రాకముందు శానిటరీ ఇన్‌స్పెక్టర్. రాజనాల కాళేశ్వరరావు నెల్లూరులో రెవెన్యూ శాఖ ఉద్యోగి. ధర్మవరపు సుబ్రహ్మణ్యం ఒంగోలులో చదువుకుని ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాడు. ముగ్గురికి ముగ్గురూ సర్కారు జీతగాళ్ళే. చదువు అబ్బనివాళ్ళకు ఆ రోజుల్లో ఇన్‌స్పెక్టర్ ఉద్యోగాలు ఎవరిచ్చారో మెసేజ్ రాసినాయనే చెప్పాలి. ఇక మద్రాసు రైలెక్కడమంటారా, నెల్లూరు నుంచి మద్రాసు 175 కిలోమీటర్లు, విజయవాడ అంతకంటే బాగా దూరం. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పెళ్ళి చీరలకీ, పెద్దాసుపత్రికీ వెళ్ళే ఊరికి వేషం కోసం కూడా వెళ్ళారు. దాన్ని ఇల్లొదిలి పారిపోయినట్టు చెప్తే ఎలా?

అసలు అభియోగం "హీరో కాలేకపోయారు" అన్నది. ఇది ఈ మెసేజ్‌తో పుట్టింది కాదు, మనలో చాలామంది మనసులో ఉన్నదే. సినిమా అంటే హీరో, మిగతావాళ్ళంతా ఆ కుర్చీకి పోటీపడి ఓడినవాళ్ళు అని ఒక లెక్క వేసుకుంటాం. రాజనాల సంగతి చూడండి. 1953లో వచ్చిన 'ప్రతిజ్ఞ'తో తెరమీదకు వచ్చాడు. అందులో హీరో కాంతారావు, విలన్ రాజనాల. మొదటి సినిమాలోనే విలన్. ఆ తర్వాత జానపదాలు జోరుగా నడిచినన్నాళ్ళూ కత్తి పట్టి ఎదురు నిలబడాల్సినవాడంటే నిర్మాతలకు ముందు గుర్తొచ్చే పేరు ఆయనది. మరి ఏ హీరో వేషం చేజారిపోయి విలన్ అయ్యాడట?

ఆ ఫోటోల్లో లేని మరో పేరు కూడా ఇక్కడ చెప్పాలి. ప్రకాశం జిల్లా రావినూతలకు చెందిన గిరిబాబు, 1973లో 'జగమే మాయ'తో వచ్చాడు. మురళీమోహన్‌కు కూడా అదే మొదటి సినిమా. ఒకే సినిమాలో మొదలైనవాళ్ళలో ఒకరు హీరో దారిన, ఒకరు విలన్ దారిన వెళ్ళారు. ఆ విలనే కొన్నేళ్ళకు నిర్మాతై 'దేవతలారా దీవించండి', 'సింహగర్జన' తీశాడు. తర్వాత మెగాఫోనూ పట్టాడు. కొడుకు రఘుబాబు విలన్ ముఠాలో మొదలై కామెడీకి మారి ఇప్పటికీ తీరిక లేకుండా ఉన్నాడు. ఓడిపోయినవాళ్ళ ఇంట్లో రెండో తరం కూడా అదే పని ఎందుకు ఎంచుకుంటుంది?

పని లెక్క కూడా తెలుసుకోవాలి. హీరోకి ఏడాదికి ఒకటో రెండో సినిమాలు, అవి పోతే మూడోది రావడం కష్టం. క్యారెక్టర్ ఆర్టిస్టు కాల్‌షీట్లు ఇచ్చి, పొద్దున ఒక సెట్లో, సాయంత్రం ఇంకో సెట్లో ఉంటాడు. సినిమా పోతే పాపం అతని ఖాతాలో పడదు. "రమణారెడ్డి సినిమా ఫ్లాపైంది" అని ఎవరన్నా అనగా విన్నారా? వయసు మీదపడితే హీరోకి టెన్షన్. క్యారెక్టర్ ఆర్టిస్టు అన్న వేషం నుంచి బాబాయి వేషానికి, అక్కణ్ణుంచి తాత వేషానికి నడిచి వెళ్ళిపోతాడు. ఇది వేరే ఉద్యోగం. దీని జీతం వేరు, ప్రమోషన్లు వేరు.

"ఒకటే రకం వేషం" అన్న మాట దగ్గర నాకు నిజంగా నవ్వొచ్చింది. రమణారెడ్డినీ కలిపే అన్నారు కదా. 1955 ఒక్క ఏడాదే తీసుకోండి. 'రోజులు మారాయి'లో కరణం సాంబయ్య: రైతుల భూములతో ఆటలాడుకునే పల్లెటూరి జిత్తులమారి. 'మిస్సమ్మ'లో డేవిడ్: బాకీ వంక పెట్టుకుని మేరీని పెళ్ళాడదామని వెంటపడే పెద్దమనిషి. ఇద్దరూ అప్పూ దస్తావేజూ చూపించి ఎదుటివాళ్ళ మెడ వంచాలనుకునేవాళ్ళే, కథ చెప్పుకుంటే ఒకే బాపతు. కానీ తెర మీద ఒకడిని చూస్తే భయం, ఇంకొకడిని చూస్తే జాలితో కలిసిన నవ్వు. సాంబయ్య ముందు మాట వదిలి ఎదుటివాడి ముఖం ఎలా మారుతుందో కనిపెడుతూ ఉంటాడు. డేవిడ్‌కి ఆ ఓపిక లేదు, ఆశ అంతా ముఖం మీదే ఉంటుంది. ఆ బక్కపలచటి ఒళ్ళు ఒకటే, ఆ పొడుగు చేతులు ఒకటే. వాటిని వాడిన తీరు వేరు.

రెండేళ్ళకు 'మాయాబజార్'లో చిన్నమయ్య. తల్పం గిల్పం, కంబళి గింబళి పేరుతో శర్మనీ శాస్త్రినీ ముప్పుతిప్పలు పెట్టే రాక్షస గురువు. కరణం కాదు, వడ్డీవ్యాపారి కాదు, ఇప్పుడు చిన్నపిల్లలు కేరింతలు కొట్టే మాయలాడు. విశేషమేమిటంటే ఈయన బయట కూడా మ్యాజిక్ నేర్చుకుని ప్రదర్శనలిచ్చాడు, వాటి వసూళ్ళు సేవాకార్యక్రమాలకు ఇచ్చేశాడు. మెసేజ్‌లో దీనికి ఒక్క లైను కూడా దొరకలేదు.

రాజనాల ఎక్కువగా విలన్లే వేశాడన్నది నిజం, కాదనను. అయితే వైద్యుడు ఎప్పుడూ వైద్యమే చేస్తాడని మనం తప్పుపడతామా?

ఇక టీవీ. "సినిమా వాళ్ళు పక్కన పెడితే టీవీలో తేలారు" అని ధర్మవరపు ఫోటో పెట్టి రాసినందుకే నేను ఇంత పొడుగు జవాబు రాయాల్సొచ్చింది. బల్లికురవ మండలం కొమ్మినేనివారిపాలెం మనిషి. ప్రజానాట్యమండలిలో నాటకాలు వేశాడు, ఉద్యోగం చేశాడు, రాశాడు. జనానికి ఆయన ముఖం అలవాటైంది దూరదర్శన్‌లో వచ్చిన 'ఆనందో బ్రహ్మ'తో. రాసిందీ ఆయనే, నటించిందీ ఆయనే. అప్పట్లో హైదరాబాదు దూరదర్శన్ తప్ప ఇంకో తెలుగు ఛానల్ లేదు. ఈటీవీ వచ్చింది 1995 ఆగస్టులో. వీధికి నాలుగైదు టీవీలున్న రోజులు, యాంటెన్నా తిప్పడానికి మేడ మీద ఒకరు, బొమ్మ కుదిరిందని కేకేయడానికి కింద ఒకరు. ఆ కార్యక్రమం వేళకు పక్కింటివాళ్ళు కూడా వచ్చి చాప మీద కూర్చునేవాళ్ళు.

1989లో 'జయమ్ము నిశ్చయమ్మురా'తో సినిమాల్లో అడుగుపెట్టినా, వరసగా వేషాలు వచ్చిపడింది చాలా ఏళ్ళ తర్వాత, 2001లో 'నువ్వు నేను' లెక్చరర్ పాత్రతో. 2003లో 'ఒక్కడు'లో పాస్‌పోర్ట్ ఆఫీసరు. అంటే టీవీలో పేరు ముందు, సినిమాలో గిరాకీ తర్వాత. మెసేజ్ చెప్పిన వరసకి సరిగ్గా తలకిందులు. ఆ లెక్చరర్ పాత్ర హాస్యం ఎలా పుట్టిందో గమనించండి. ముఖంలో నవ్వు జాడ ఉండదు. మాట చివర కాస్త సాగుతుంది. ఎదుటివాడి తెలివితక్కువకు తనే దుఃఖపడుతున్నట్టు ఒక చూపు. చిన్న తెర మీద కెమెరా ముఖానికి దగ్గరగా ఉంటుంది, గంతులేయడానికి జాగా ఉండదు. ఆ చూపు అక్కడ సానపెట్టిందేనని నా నమ్మకం. సినిమాకి ఆయన టీవీ నుంచి తెచ్చిన పెట్టుబడి అదే. మధ్యలో 'తోకలేని పిట్ట'కు దర్శకత్వం వహించాడు. రాష్ట్ర సాంస్కృతిక మండలి అధ్యక్షుడిగా పనిచేశాడు. 'ఆలస్యం అమృతం'కు నంది అందుకున్నాడు. 2013 డిసెంబరులో పోయేదాకా ఏదో ఒక పనిలో ఉన్నాడు. దీన్ని తేలడం అంటారా?

టీవీని చిన్నచూపు చూసేవాళ్ళకు ఇంకో మాట. సీరియల్లో కథ నడిపేది అత్త, మామ, పెద్దమ్మ, మేనమామ. సినిమాలో నాలుగు సీన్లకు పరిమితమయ్యే ఈ మనుషులకు అక్కడ రోజూ పని. క్యారెక్టర్ ఆర్టిస్టుకి అది వృద్ధాశ్రమం కాదు, సొంత ఇల్లు.

చివరి మాట డబ్బు గురించి. ఇందులో కొంత నిజముంది, కాబట్టే జాగ్రత్తగా విప్పాలి. రాజనాల చివరి రోజులు కష్టంగా గడిచాయి. మధుమేహంతో కాలు తీసేయాల్సి వచ్చింది, ఆర్థికంగానూ చితికిపోయాడు, 1998లో కన్నుమూశాడు. ఒప్పుకుంటాను. కానీ ఆయన క్యారెక్టర్ ఆర్టిస్టు కావడం వల్లే ఇలా జరిగిందా? అదే 'ప్రతిజ్ఞ' హీరో కాంతారావు సంగతేమిటి? కత్తి కాంతారావు అని జనం నెత్తిన పెట్టుకున్న హీరో. సొంతంగా సినిమాలు తీసి నష్టపోయి ఆయనా చివర్లో ఇబ్బందులు పడ్డాడు. ఒకే సినిమాలో కత్తులు దూసుకున్న హీరో, విలన్ ఇద్దరికీ ఒకే గతి పట్టిందంటే తప్పు వేషానిది కాదు. జానపదాల కాలం వెళ్ళిపోయింది. వాటిమీద బతికినవాళ్ళకు ఉద్యోగస్తులకున్నట్టు పెన్షన్ లేదు, పీఎఫ్ లేదు. రెవెన్యూ ఆఫీసులోనే ఉండిపోతే రాజనాలకు పెన్షన్ వచ్చేదేమో, నిజమే. సినిమా కార్మికులకు ఆరోగ్యబీమా, పెన్షన్ కావాలని మెసేజ్ రాసుంటే నేనే ముందు పది గ్రూపులకు పంపేవాణ్ణి.

ముగ్గురూ చిల్లిగవ్వ లేకుండా పోయారన్నట్టు రాయడం మాత్రం శుద్ధ తప్పు. రమణారెడ్డి 1974లో యాభై మూడేళ్ళకే పోయాడు, అదీ పేరూ పనీ ఉండగానే. ధర్మవరపు సంగతి పైన చెప్పాను. ముగ్గురిలో ఒకరి కష్టాన్ని ముగ్గురికీ అంటగట్టారు.

అన్నట్టు, ఆ మెసేజ్‌లో "రమణారెడ్డి" అని పేరు వేసిన ఫోటోలో ఉన్నది రేలంగి. లావుగా ఉన్నాయన రేలంగి, బక్కగా ఉండేవాడు రమణారెడ్డి. ఇద్దరూ పక్కపక్కనే నటించిన సినిమాలు బోలెడున్నాయి, ఒక్కటి చూసినా తెలిసిపోయేది. ఇంకా ఫార్వర్డ్ చేసేవాళ్ళుంటే కనీసం ఆ బొమ్మ మార్చి పంపండి.