మంగళవారం అప్‌డేట్

(నల్లగొండలో పానగల్లు పోయే దారిలో ఒక ఇల్లు. పొద్దున్నే. యాదమ్మ ముందు లాప్‌టాప్. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ప్లగ్గులో ఉంటేనే బతుకుతుంది. వాకిట్లో సైదులు పళ్లు తోముకుంటున్నాడు.)

యాదమ్మ: ఏమయ్యా, రాత్రి ఈ స్విచ్ ఎవరు ఆపారు?

సైదులు: నేనే. అర్ధరాత్రి దాకా ఊరికే గిరగిరా తిరుగుతోంది. కరెంటు బిల్లు మీ పుట్టింటోళ్లు కడతారా?

యాదమ్మ: అప్‌డేట్ అవుతోందయ్యా! కంప్యూటర్ ఆపొద్దని తెర మీద రాసే ఉంది కదా.

సైదులు: కంప్యూటర్‌ని నేను ముట్టుకోనేలేదు. గోడ మీద స్విచ్ ఆపాను. దాని గురించి ఏమీ రాయలేదు.

యాదమ్మ: నా మగ్గం వర్కు డిజైన్లన్నీ ఇందులోనే ఉన్నాయి.

సైదులు: నా బత్తాయి తోట లెక్కలూ ఇందులోనే. అసలు నిన్న ఏం వారం?

యాదమ్మ: మంగళవారం.

సైదులు: మంగళవారం ఎవరైనా కొత్త పని మొదలుపెడతారా?

యాదమ్మ: ముహూర్తం నేను పెట్టలేదు. విండోస్ అప్‌డేట్లు నెలనెలా రెండో మంగళవారమే వస్తాయి. అమెరికాలో పొద్దున వదిలితే మనకు రాత్రి.

సైదులు: వాళ్లకు పంచాంగం లేకపోతే మనకన్నా ఉండాలి కదా. ఇప్పుడు చూడు, మన పానగల్లు ఛాయా సోమేశ్వరుడి గుళ్లో కదలని నీడ లెక్క ఈ లాప్‌టాప్ ఉన్నచోటే ఉంది, ముందుకు పోదు.

(యాదమ్మ తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది. విషయం చెప్పి, ఏం చేయాలో విన్నది.)

యాదమ్మ: లోగో కనబడగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాలట. అట్లా రెండు మూడుసార్లు చేస్తే దానంతటదే రిపేర్ మోడ్‌లోకి పోతుందట.

సైదులు: చూశావా! మూడుసార్లు ఆపితే బాగవుతుంది. నేను ఒక్కసారే ఆపాను, అందుకే చెడింది.

(ఈ వాదనకు జవాబు ఎవరి దగ్గరా లేదు. మూడోసారికి నీలం తెర వచ్చింది. ట్రబుల్‌షూట్ నొక్కారు.)

సైదులు: 'రీసెట్ దిస్ పీసీ' అని పైనే ఉంది. కొట్టెయ్.

యాదమ్మ: చెయ్యి తియ్యి! అది ఆఖరి మందు. 'కీప్ మై ఫైల్స్' అంటే ఫైళ్లు ఉంటాయి గానీ మనం ఎక్కించుకున్న ప్రోగ్రాములు పోతాయి. ముందు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోయి, ఆ అప్‌డేట్ ఒక్కటే తీసెయ్యాలట.

సైదులు: ఇక్కడ రెండున్నాయి. క్వాలిటీ అప్‌డేట్, ఫీచర్ అప్‌డేట్.

యాదమ్మ: నెలనెలా వచ్చేది క్వాలిటీ. అదే నొక్కు.

సైదులు: ఇదేదో కీ అడుగుతోంది. 48 అంకెలట! మన పట్టా పాస్‌బుక్కు మీద కూడా ఇన్ని లేవు.

యాదమ్మ: బిట్‌లాకర్ కీ, ఫైళ్లకు విండోస్ వేసే తాళానిది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుందట. ఖాతా నీ పేరు మీదే కదా, నీ ఫోన్‌లో తెరుస్తా. పాస్‌వర్డ్ చెప్పు.

సైదులు: నేనే కొడతా, ఇటివ్వు.

యాదమ్మ: చెప్పు ముందు.

సైదులు: (గోడ వైపు చూస్తూ) మీతమ్ముడు40000.

యాదమ్మ: ఏందీ?

సైదులు: మరిచిపోనిది పెట్టుకోవాలన్నారు. పెట్టుకున్నా.

యాదమ్మ: వాడు ఉగాదికే మొత్తం ఇచ్చేశాడు కదయ్యా!

సైదులు: ఇచ్చాడు. నేనే అప్‌డేట్ చేయలేదు.

(స్పీకర్‌లో తమ్ముడు దగ్గాడు.)

యాదమ్మ: సరే, కీ దొరికింది. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. కొట్టు. మూడు, ఒకటి, ఏడు... ఏడు...

సైదులు: ఏడు రెండుసార్లా?

యాదమ్మ: ఒక్కసారే.

సైదులు: రెండుసార్లు అన్నావు.

యాదమ్మ: నీకు వినబడలేదేమోనని రెండోసారి అన్నా!

సైదులు: వినబడింది కాబట్టే రెండు కొట్టా.

(టీ చల్లారింది. మొత్తానికి కీ ఒప్పుకుంది, అప్‌డేట్ తీసే పని మొదలైంది. సైదులు లేచాడు.)

యాదమ్మ: ఎక్కడికి?

సైదులు: ఫ్యాను వేద్దామని.

యాదమ్మ: చెమట పడితే పడనీ. ఆ బోర్డు దగ్గరికి పోయావంటే చూడు.

(కాసేపటికి లాప్‌టాప్ తెరుచుకుంది. డిజైన్లున్నాయి, బత్తాయి లెక్కలున్నాయి. యాదమ్మ అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది.)

సైదులు: ఇంక ఈ అప్‌డేట్ల జోలికి పోవద్దు.

యాదమ్మ: వారం పాటు పాజ్ చేశా. తర్వాత వేయాల్సిందే, వైరస్‌లు రాకుండా ఇచ్చేవి అవి.

సైదులు: అయితే బుధవారం వేద్దాం. పొద్దున.

యాదమ్మ: ముందు ఆ పాస్‌వర్డ్ మార్చు. పరువు తీశావు.

సైదులు: ఇందాకనే మార్చా.

యాదమ్మ: ఏం పెట్టావు?

సైదులు: మీతమ్ముడువడ్డీ.

(తమ్ముడు ఫోన్ పెట్టేశాడు.)