చెల్లని నిబంధనకు సంతకాలా?

చిన్న సినిమాలకు సంగీతం సమకూర్చే యువ స్వరకర్తల ముందు నిర్మాణ సంస్థలు ఉంచుతున్న ఒప్పంద పత్రాల్లో ఒక నిబంధన నానాటికీ సర్వసాధారణమైపోతోంది. పాటలు, నేపథ్య సంగీతం, సినిమాలో వాడని ట్యూన్లు, చివరకు విడివిడిగా రికార్డు చేసిన వాద్యాల ట్రాకులతో సహా సర్వహక్కులూ విశ్వమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్నవీ ఇకముందు రాబోయేవీ అయిన సమస్త మాధ్యమాలలో నిర్మాతకే చెందుతాయనీ, స్వరకర్త రాయల్టీతో సహా మరే ప్రతిఫలమూ ఏనాడూ అడగబోడనీ దాని సారాంశం. 2012 నాటి కాపీరైట్ సవరణ తరువాత రాయల్టీని వదులుకునే మాటకు చట్టం ముందు విలువ లేదు. ఆ పత్రాలు తయారుచేసే న్యాయవాదులకు ఈ సంగతి తెలియకపోదు. అయినా రాస్తున్నారు, రాయించుకుంటున్నారు, సంతకాలు పెట్టించుకుంటున్నారు. చెల్లని మాటను పదేపదే రాయించి దానినే ఆనవాయితీగా మార్చే ఈ పద్ధతిని మేము తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాము.

చట్టం వెనుక కథ పాఠకులకు తెలియనిది కాదు. నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న సంగీతానికి నిర్మాతే తొలి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు తేల్చిన తరువాత, మూడున్నర దశాబ్దాలపాటు స్వరకర్తలు, గీత రచయితలు ఒక్కసారి పుచ్చుకున్న పారితోషికంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. రాజ్యసభ సభ్యుడి హోదాలో హిందీ గీత రచయిత జావేద్ అఖ్తర్, ఆయనతో పాటు మరెందరో సాగించిన పోరు ఫలితంగా 2012 మే నెలలో పార్లమెంటు ఉభయసభలు సవరణను ఆమోదించాయి. జూన్ 21 నుంచి అది అమలులోకి వచ్చింది. సెక్షన్ 18లో చేర్చిన మాటలు స్పష్టంగా ఉన్నాయి. థియేటరులో సినిమాతో పాటు వినిపించడం మినహా ఆ సంగీతాన్ని మరే రూపంలో వాడుకున్నా వచ్చే రాయల్టీలో, హక్కులు పొందినవారితో సమానంగా స్వరకర్తకు వాటా దక్కాలి. ఆ హక్కును వారసులకో, రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇతరులకు రాసివ్వడానికి వీల్లేదు, వదులుకోవడానికీ వీల్లేదు, అందుకు విరుద్ధంగా చేసుకున్న ఒప్పందం చెల్లదు. అవసరంలో ఉన్నవాడు ఒత్తిడికి లొంగి సంతకం పెడతాడని తెలిసే, సంతకం పెట్టినా పోని హక్కును పార్లమెంటు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు ఎఫ్‌ఎం రేడియోలు సైతం రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ చెల్లించవలసిందేనని చెప్పింది.

ఇంత స్పష్టమైన చట్టం ఉండగా సంతకాలు ఎందుకు పడుతున్నాయో తెలియాలంటే, పెద్ద బ్యానర్ల అండ గానీ మేనేజరు గానీ లేని స్వరకర్త పని ఎలా సాగుతుందో చూడాలి. మద్రాసు రికార్డింగ్ థియేటర్ల కాలంలో థియేటరు అద్దె, వాద్యకారుల కాల్షీట్ల సొమ్ము నిర్మాత ఖాతాలోనే ఉండేవి. సంగీత దర్శకుడి పారితోషికం సంగీత దర్శకుడిదే. ఇప్పుడు చిన్న సినిమాల్లో అంతా ప్యాకేజీ. పాటలు, రీరికార్డింగ్ అనే నేపథ్య సంగీతపు పని, గాయకులు, వాద్యకారులు, కంప్యూటర్ మీద సంగీతం కూర్చే ప్రోగ్రామింగ్, మిక్సింగ్ అన్నీ కలిపి ఒక మొత్తం చెబుతారు. ఖర్చులు పోగా మిగిలేదే స్వరకర్త ఆదాయం. మిగలకపోతే నష్టమూ ఆయనదే. టీడీఎస్ మాత్రం ఆయన చేతిలో నిలవని సొమ్ముతో సహా మొత్తం ప్యాకేజీ మీద కోస్తారు. అందుకే నిజమైన వయొలిన్ వినిపించవలసిన చోట కంప్యూటర్‌లోని వయొలిన్ వినిపిస్తోంది, ఇంట్లోని ఒక గదే స్టూడియో అవుతోంది, కోరస్‌లో నాలుగు గొంతులూ స్నేహితులవే అవుతున్నాయి. ఒక సన్నివేశానికి నాలుగైదు ట్యూన్లు చేసి వినిపిస్తే దర్శకుడు ఒకటి ఎంచుకుంటాడు, మిగిలిన వాటికి పైసా రాదు. రీరికార్డింగ్‌కు వచ్చేసరికి విడుదల తేదీ ఖరారై ఉంటుంది, ఎడిటింగ్ మాత్రం ఖరారై ఉండదు. సన్నివేశం నాలుగు సెకన్లు తగ్గినా దానికి కట్టిన సంగీతాన్ని మళ్లీ మొదటినుంచి సరిచూసుకోవాలి. వేరే సినిమా సంగీతాన్ని రిఫరెన్స్‌గా అతికించిన రీలు చేతికిచ్చి, అలాగే ఉండాలి కానీ అదే అని ఎవరూ అనకూడదు అని చెప్పడం మామూలైపోయింది. పోలిక కనిపిస్తే కాపీ కొట్టాడన్న నింద మోయవలసింది స్వరకర్త ఒక్కడే. పారితోషికం వాయిదాలలో వస్తుంది, చివరి వాయిదా విడుదల తరువాత అన్న మాటతో ఆగుతుంది. సినిమా విడుదలే కాకపోతే ఆ మాట అక్కడితో సరి. ఇన్ని అనిశ్చితుల మధ్య రేపటికి మిగిలే ఒకే ఒక్క ఆధారం రాయల్టీ. అడ్వాన్సు చెక్కుతో పాటు బల్లమీద పెట్టే పత్రం తీసుకుంటున్నది సరిగ్గా దానినే.

నిర్మాతల వాదన ఏమిటంటే, చిన్న సినిమాలో నష్టభయమంతా తమదేననీ, ఆడియో సంస్థలు, ఓటీటీ వేదికలు పేచీలేని సంపూర్ణ హక్కులు అడుగుతున్నప్పుడు తాము వాటిని చూపించక తప్పదనీ. నష్టభయం నిజమే. కానీ చట్టం థియేటరు వసూళ్ల జోలికి వెళ్లనే లేదు. సినిమా ఆడకపోతే నిర్మాత జేబులోంచి స్వరకర్తకు అదనంగా ఒక్క రూపాయి ఇవ్వవలసిన అవసరం లేదు. పాట రేడియోలో మోగినప్పుడు, టీవీలో వచ్చినప్పుడు, ఫోనులో విన్నప్పుడు దానిని వాడుకున్నవారు చెల్లించే సొమ్ములో వాటా గురించే ఈ వివాదమంతా. ఇక ఓటీటీలు అడుగుతున్నాయి కాబట్టి అనే మాట సమాధానమే కాదు. కొనేవాడు అడిగాడని అమ్మేవాడు తనది కానిదాన్ని అమ్మజూపుతాడా?

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఈ ఒక్కొక్క సంతకం వెనుక పేరుకుంటున్న ఆనవాయితీ. చెల్లని నిబంధనను కోర్టులో సవాలు చేస్తేనే అది చెల్లదని తేలుతుంది. మొదటి సినిమా చేస్తున్న కుర్రవాడు కోర్టుకు వెళతాడా? వెళితే రెండో సినిమా ఎవరిస్తారు? కాబట్టి నిబంధన పత్రంలో అలాగే ఉంటుంది, తరువాతి స్వరకర్త ముందుకు అదే పత్రం వస్తుంది, అందరూ పెట్టారు నీవెందుకు పెట్టవన్న ప్రశ్న వస్తుంది. పది సినిమాల తరువాత అది పరిశ్రమ పద్ధతి అవుతుంది, వంద సినిమాల తరువాత దానిని ప్రశ్నించినవాడు గొడవమనిషి అవుతాడు. పార్లమెంటు రద్దు చేయని చట్టాన్ని ఫిల్మ్‌నగర్ టైపు మిషన్లు రద్దు చేయడమంటే ఇదే. ఈ ఆనవాయితీ చిన్న స్వరకర్తతో ఆగుతుందని పెద్దవారు అనుకుంటే అది పొరపాటు. ఈనాడు పాతిక లక్షల సినిమాలో అలవాటైన పత్రమే రేపు పాతిక కోట్ల సినిమాకు నమూనా అవుతుంది.

ఇలాంటి ఆనవాయితీని మొదట్లోనే అడ్డుకోవచ్చనడానికి ఉదాహరణ ఉంది. 2019 చివరలో అమెరికాలో డిస్కవరీ సంస్థ తన కార్యక్రమాలకు సంగీతమిచ్చేవారు అక్కడి ప్రసార రాయల్టీలను వదులుకోవాలని పట్టుబట్టింది. పురస్కారాలు అందుకున్న స్వరకర్తలు సైతం ముందుకొచ్చి బహిరంగంగా నిలదీయడంతో వెనక్కి తగ్గింది. కిరాయికి చేసిన పనిలో సర్వహక్కులూ యజమానికే పోవడాన్ని అనుమతించే చట్టమున్న దేశంలో అది సాధ్యమైంది. రాయల్టీ హక్కును వదులుకోవడమే కుదరదని చట్టం చెబుతున్న మన దేశంలో ఎందుకు సాధ్యం కాదు? తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడవద్దని ఇళయరాజా 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు పంపినప్పుడు తెలుగు ఇళ్లలో కూడా రోజుల తరబడి చర్చ జరిగింది. దానిని ఇద్దరు మహానుభావుల మధ్య తగవుగా చూసి బాధపడ్డామే తప్ప, పాట మీద ఎవరికి ఏ హక్కు ఉందన్న అసలు ప్రశ్నను ఆనాడు మనం పట్టించుకోలేదు.

నేపథ్య సంగీతం విషయంలో అన్యాయం మరింత లోతైనది. పాటకైతే పేరుంటుంది, గాయకుడుంటాడు, విన్నవారు గుర్తుపడతారు. రెండుంపావు గంటల సినిమాలో గంటకు పైగా వినిపించే నేపథ్య సంగీతానికి పేరుండదు. ఏ సన్నివేశంలో ఏ సంగీత ఖండం ఎంతసేపు వచ్చిందో, దానిని చేసినదెవరో చెప్పే క్యూ షీట్‌ను నిర్మాత తయారుచేసి ఇస్తేనే టీవీ ప్రసారానికో ఓటీటీ ప్రదర్శనకో రావలసిన రాయల్టీని లెక్కగట్టడం కుదురుతుంది. చాలా దేశాల్లో ఇది సినిమా అప్పగింతలో భాగం. మన చిన్న సినిమాల్లో ఆ కాగితం ఊసే అరుదు. స్వరకర్తలు, గీత రచయితలు, సంగీత ప్రచురణకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ 1969లో ఏర్పడింది, కొత్త చట్టం కింద 2017లో మళ్లీ నమోదైంది; అందులో సభ్యత్వం తీసుకుని కృతులను నమోదు చేసుకోవాలన్న విషయమే జిల్లాల నుంచి హైదరాబాదు వచ్చిన ఎందరో యువకులకు చెప్పే దిక్కు లేదు. చట్టం ఇచ్చిన హక్కును ఒక చేత్తో సంతకం పెట్టించుకుని, మరో చేత్తో లెక్కలే రాయకుండా వదిలేస్తే, స్వరకర్తకు మిగిలేది టైటిల్ కార్డు మీద పేరు. ఆ పేరు కూడా పడని ప్రోగ్రామర్లు కృష్ణానగర్ గదుల్లో చాలామందే ఉన్నారు.

ఇప్పుడు ఈ పత్రాల్లోని సమస్త మాధ్యమాలు అనే మాటకు కొత్త అర్థం పుట్టింది. విడివిడి వాద్యాల ట్రాకులు, వాడని ట్యూన్లు కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడానికి ముడిసరుకు. ఒప్పందం నాటికి ఉనికిలో లేని లేదా వ్యాపార వాడుకలో లేని వినియోగానికి హక్కుల బదిలీ వర్తించాలంటే దానిని పత్రంలో ప్రత్యేకంగా ప్రస్తావించి ఉండాలని అదే సెక్షన్ 18 చెబుతోంది. కాబట్టి పాత ఒప్పందాలను చూపించి ఆ ట్రాకులను యంత్రాలకు అప్పగించడం కుదరదు. కొత్త ఒప్పందాల సంగతి వేరు. అక్కడ ఆ మాట రాయించుకోవడానికి అవకాశముంది గనుకనే స్వరకర్త ఇంకా జాగ్రత్తగా ఉండాలి, నిర్మాత దానికి వేరుగా అనుమతి అడగాలి, వేరుగా వెల కట్టాలి. తన ట్యూన్లతోనే తర్ఫీదు పొందిన యంత్రం తన పనిని తన్నుకుపోయే రోజుకు స్వరకర్త చేతే ముందుగా సంతకం పెట్టించుకోవడం అమానుషం.

2023 మార్చిలో తెలుగు పాట ఆస్కార్ గెలిచినప్పుడు పరిశ్రమ యావత్తూ వేదికలెక్కింది. స్వరకర్త కీరవాణి, గీత రచయిత చంద్రబోస్ అందుకున్న గౌరవానికి ప్రతి తెలుగువాడూ గర్వించాడు. అదే పరిశ్రమ, అదే కృషిని మొదలుపెడుతున్న వారి దగ్గర మాత్రం చట్టం ఇచ్చిన వాటాను లాక్కునే కాగితం పెడుతోంది. ప్రభుత్వాల తీరు కూడా మెచ్చుకోదగినదిగా లేదు. పెద్ద సినిమాల టికెట్ ధరలు పెంచుకోవడానికి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఉత్తర్వులు ఇస్తుంటాయి, తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట సినీ పురస్కారాలు ప్రదానం చేస్తోంది. కాపీరైట్ కేంద్ర చట్టమే కావచ్చు; ప్రభుత్వం నుంచి మేలు పొందే ప్రతి సినిమా నిర్మాతా తన సంగీత ఒప్పందం సెక్షన్ 18కి లోబడి ఉందని ధ్రువపత్రం ఇవ్వాలని షరతు పెట్టడానికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు. 2025 ఆగస్టులో వేతనాల కోసం సినీ కార్మికులు షూటింగులు ఆపితే చర్చలు జరిగాయి, పెంపు వచ్చింది. దినసరి వేతనపు పట్టికలో చోటులేని స్వరకర్త ఏం ఆపగలడు?

ఫిల్మ్ చాంబర్, నిర్మాతల మండలి కలిసి రాయల్టీ హక్కును గుర్తించే ఒక నమూనా ఒప్పందాన్ని తెలుగులో ప్రకటించాలి. క్యూ షీట్ ఇవ్వడం నిర్మాత బాధ్యత అని అందులో రాయాలి. పారితోషికాన్ని, రికార్డింగ్ ఖర్చును వేరువేరుగా చూపాలి. వాడని ట్యూను చేసినవాడికే తిరిగి చెందాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు, వీటిలో మొదటిది ఇప్పటికే చట్టం. సొంత న్యాయవాదులను పెట్టుకుని తమ ఒప్పందాలను చక్కగా రాయించుకుంటున్న అగ్ర సంగీత దర్శకులు ఈ విషయంలో పాటిస్తున్న మౌనం క్షమించరానిది. తమ దగ్గర కీబోర్డు వాయించి పని నేర్చుకున్న పిల్లలే రేపు ఆ పత్రాల ముందు కూర్చుంటారని వారికి తెలుసు. ఆడియో వేడుకల్లో కొత్త ప్రతిభను ఆశీర్వదించే నిర్మాతలు, ఆ ప్రతిభ చేత అంతకుముందే ఏ కాగితం మీద సంతకం పెట్టించారో అదే వేదిక మీద చదివి వినిపించగలరా? వినిపించలేనిదైతే ఆ నిబంధనను ఈరోజే కొట్టివేయండి, ఇప్పటికే పెట్టించుకున్న సంతకాలను వెనక్కి ఇవ్వండి.